నాన్నకి ఇన్సులిన్ పెన్ను ఆపి సిరంజి మొదలెట్టాక షుగర్ దిగట్లేదు. పంపు పెట్టించాలా, పీల్చే ఇన్సులిన్ వాడాలా?

పాతగాజువాక:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 67 ఏళ్ళు, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్ళు, ఇన్సులిన్ మొదలెట్టి ఆరేళ్ళు. ఇన్నాళ్ళూ పెన్నుతోనే వేసుకునేవారు, 30/70 రకం (భోజనానికి పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపినది), పొద్దున 22 యూనిట్లు, రాత్రి 14. ఏడెనిమిది రోజులకి ఒక కార్ట్రిడ్జ్ (పెన్నులో పెట్టే మందు గొట్టం) అయిపోయేది. ఫాస్టింగ్ 130, 140 మధ్య ఉండేది, పండగల్లో తప్ప పెద్దగా తేడా లేదు.

ఐదు వారాల క్రితం ఆ కార్ట్రిడ్జ్ స్టాక్ రావట్లేదని షాపులో చెప్పారు. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే "అదే మందు సీసాలో దొరుకుతుంది, అదే డోసు సిరంజితో వెయ్యండి" అన్నారు. సీసా, సిరంజిలు తెచ్చాం. నాన్నకి చెయ్యి వణుకుతుంది కాబట్టి నేనే వేస్తున్నాను. రెండు వారాలు తిరిగేసరికి ఫాస్టింగ్ 250 దాటింది. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్తే పొద్దున 30, రాత్రి 20 చేశారు. అయినా నిన్న పొద్దున 262, తిన్న తర్వాత 340. రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేస్తున్నారు, మనిషి కూడా చిక్కిపోయారు. తిండి మారలేదు, నేను పక్కనే ఉండి చూస్తున్నాను. సీసా ఫ్రిజ్‌లోనే ఉంటోంది. ఒక్క మంచి విషయం ఏంటంటే మొదటి సీసా 24 రోజులు వచ్చింది, ఖర్చు మాత్రం తగ్గింది.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి ఇన్సులిన్ పంపు పెట్టిద్దాం అంటోంది. బావ ఏమో ముక్కుతోనో నోటితోనో పీల్చే ఇన్సులిన్ వచ్చిందని వీడియోలు పంపుతున్నాడు. వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలు అని ఇంకెవరో చెప్పారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. వీటిలో ఏది నిజం, ఏది మా నాన్నకి పనికొస్తుంది? నాన్న సిగరెట్లు మానేసి రెండేళ్ళయింది కానీ ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతారు. షుగర్‌కి మాత్రలు కూడా ఉన్నాయి, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్. నెలకి ఆరేడు వేల దాకా పెట్టగలం, అంతకు మించి కష్టం.

ఎంవీపీ కాలనీ అమ్మ:

తమ్ముడూ, మా బాబుకి టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం షుగర్. ఎనిమిదో ఏట వచ్చింది, ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. కాబట్టి సిరంజి నుంచి పంపు దాకా అన్నీ మా ఇంట్లో తిరిగాయి, నాకు తెలిసింది చెప్తాను.

పంపు గురించి బయట జనం అనుకునేది ఒకటి, లోపల జరిగేది ఒకటి. అది పెడితే ఇక షుగర్ సంగతి మర్చిపోవచ్చు అనుకుంటారు. అలా కాదు. పంపంటే ఒంటికి తగిలించుకుని ఇన్సులిన్ ఎక్కించే చిన్న మిషను. ఇప్పుడొస్తున్నవి షుగర్ కొలిచే సెన్సర్ ఇచ్చే అంకె చూసుకుని ప్రతి ఐదు నిమిషాలకీ ఇన్సులిన్ పెంచడం తగ్గించడం వాటంతటవే చేస్తాయి, అది నిజంగా గొప్పే, రాత్రిళ్ళు నేను రెండింటికీ నాలుగింటికీ అలారం పెట్టుకుని లేచే బాధ పోయింది. కానీ అన్నం తినే ముందు ఎంత తింటున్నావో దానికి చెప్పాలి, రెండు మూడు రోజులకోసారి పొట్ట మీద ఇన్సులిన్ వెళ్ళే ట్యూబు సెట్ మార్చాలి, ట్యూబు మడతపడితే గంటల్లో షుగర్ ఎగిరిపోతుంది. మిషనుకే లక్షలు, తర్వాత నెలనెలా సామాను ఖర్చు. మీరు చెప్పిన బడ్జెట్‌లో అది కుదరదు, పైగా చెయ్యి వణికే పెద్దాయనకి ఆ బటన్లు అవీ నేర్పడం ఇంకో తలనొప్పి.

సెన్సర్ మాత్రం ఒక్కసారి పెట్టించి చూడండి. చేతి వెనకాల అంటిస్తారు, 14 రోజులు ఉంటుంది, ఐదు వేలకి అటూఇటూ. రాత్రి రెండింటికి ఏం జరుగుతోంది, పెసరట్టు ఉప్మా తిన్న తర్వాత ఎంత లేస్తోంది, గీత గీసి చూపిస్తుంది. అది రక్తంలో కాదు, చర్మం కింద నీటిలో చూస్తుంది కాబట్టి అసలు అంకె కంటే పది పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటుంది, షుగర్ పడిపోతున్నట్టు అనిపిస్తే వేలు గుచ్చి చూసుకోవాల్సిందే. ఇంకోటి, మన వైజాగ్ చెమటకి ఆ అంటు సగం రోజులకే ఊడొచ్చేస్తుంది. మేము పైన ఇంకో టేపు వేస్తాం. మా వాడు ఒకసారి ఆర్కే బీచ్‌లో ఫ్రెండ్స్‌తో అలల్లోకి దిగి మూడో రోజుకే సెన్సర్ సముద్రానికి సమర్పించి వచ్చాడు.

మద్దిలపాలెం మందుల కొట్టు:

నేను ఫార్మసిస్టుని, కౌంటర్ వెనకాల 19 ఏళ్ళు. పంపు సంగతి, వారం ఇంజెక్షన్ సంగతి తర్వాత చూద్దాం.

పాతగాజువాక గారూ, రెండు విషయాలు ఇప్పుడే చూసి చెప్పండి. ఒకటి, సీసా మీద 40 ఐయూ/మి.లీ. అని ఉందా, 100 ఐయూ/మి.లీ. అని ఉందా (ఐయూ అంటే యూనిట్లే). రెండోది, మీరు వాడే సిరంజి మూత ఏ రంగు, దాని ఒంటి మీద యు-40 అని ఉందా యు-100 అని ఉందా. మీ పోస్టులో ఆ "24 రోజులు వచ్చింది" అన్న మాట దగ్గర నాకు గుండె ఆగినంత పనైంది. 40 రకం 10 మి.లీ. సీసాలో 400 యూనిట్లే ఉంటాయి. రోజుకి 36 యూనిట్లు వేస్తే అది 11 రోజులకే ఖాళీ అవ్వాలి.

మీరు చూసి చెప్పేదాకా ఏమీ మార్చకండి.

పాతగాజువాక:

సీసా మీద 40 ఐయూ అని ఉందండి. సిరంజి మూత ఆరెంజ్. దాని మీద యు-100 అని సన్నటి అక్షరాలతో ఉంది, నేను ఇప్పుడే కళ్ళజోడు పెట్టుకుని చూశాను. షాపులో ఇన్సులిన్ సిరంజిలు అని అడిగితే ఇవే ఇచ్చారు. తప్పు చేశానా?

మద్దిలపాలెం మందుల కొట్టు:

తప్పు మీది కాదు, సీసాకి జత కాని సిరంజి మీ చేతికి వచ్చింది, అది ఇచ్చినవాళ్ళు చూడాల్సిన సంగతి. ఎలా జరిగిందో చెప్తాను, నిదానంగా చదవండి.

యూనిట్ అంటే ఎక్కడైనా ఒకటే. పెన్నులో 22, సిరంజిలో 22, రెండూ ఒంటికి ఒకటే. తేడా అంతా చిక్కదనంలో ఉంది. మీ పాత కార్ట్రిడ్జ్‌లో ఒక మి.లీ.కి 100 యూనిట్లు, అందుకే మూడు మి.లీ.ల చిన్న గొట్టంలో 300 పట్టేవి. ఇప్పుడు తెచ్చిన సీసాలో మి.లీ.కి 40 మాత్రమే, పల్చటి మజ్జిగ లాగా. మన దేశంలో ఈ రెండు రకాలూ ఇంకా పక్కపక్కనే నడుస్తున్నాయి, గొడవంతా అక్కడే. 40 సీసాకి యు-40 సిరంజి, మామూలుగా ఎర్ర మూత. 100 సీసాకి యు-100 సిరంజి, ఆరెంజ్ మూత. ఎరుపూ ఆరెంజూ ట్యూబ్‌లైట్ వెలుగులో పక్కపక్కన పెడితే పెద్దవాళ్ళకి ఒకేలా కనిపిస్తాయి, అందుకే మూతని నమ్మకుండా ఒంటి మీద రాసింది చదవమంటాను.

మీరు ఆరెంజ్ సిరంజిలో 22 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది 0.22 మి.లీ. అందులో ఇన్సులిన్ 8.8 యూనిట్లు. అంటే మీ నాన్నగారికి రెండు వారాల పాటు పొద్దున 22 బదులు తొమ్మిది కూడా వెళ్ళలేదు, రాత్రి 14 బదులు ఐదున్నర. ఇక షుగర్ ఎందుకు దిగుతుంది?

ఇప్పుడు అసలు ప్రమాదం చెప్తాను, ఇది చదవకుండా షాపుకి పరుగెత్తకండి. డాక్టర్ గారు ఈ సంగతి తెలియక డోసు 30, 20 చేశారు. ఆరెంజ్ సిరంజిలో ఆ 30 అంటే నిజానికి 12 యూనిట్లే. మీరు ఈ సాయంత్రం ఎర్ర మూత సిరంజిలు తెచ్చి అందులో 30 లాగారనుకోండి, నిజంగా 30 వెళ్తాయి. నిన్నటిదాకా 12 తీసుకున్న ఒంటికి ఒక్కసారి రెండున్నర రెట్లు, పాత డోసు 22 కన్నా కూడా ఎక్కువ. రాత్రి డోసు కూడా అంతే, ఎనిమిది కాస్తా ఇరవై అవుతుంది, అదీ పడుకునే పూట. తెల్లారేసరికి మనిషి లేవకపోవచ్చు. కాబట్టి ముందు డాక్టర్ గారికి ఫోన్ చెయ్యండి. "40 సీసాకి 100 సిరంజి వాడాం, ఇన్నాళ్ళూ వెళ్ళింది రెండున్నర వంతుల్లో ఒక వంతే" అని ఈ లెక్కంతా చెప్పండి. సరైన సిరంజితో ఎంత వెయ్యాలో ఆయన చెప్తారు. ఆ అంకె నేను చెప్పను, ఇక్కడ ఎవరు చెప్పినా వినకండి. సీసా, సిరంజి, పాత పెన్ను మూడూ సంచిలో వేసుకుని వెళ్తే ఇంకా మంచిది. ఈలోపు వాంతులు, ఊపిరి గట్టిగా తీసుకోవడం, మత్తుగా పడి ఉండటం లాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లో ఏ క్యాజువాలిటీకో తీసుకెళ్ళిపోండి.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా భయంకరం, 100 సీసా తెచ్చి ఎర్ర మూత సిరంజిలో లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ వెళ్తుంది. అలాంటి జతతో ఒకాయన నా కౌంటర్ ముందు నిలబడ్డారు ఒకసారి, అదృష్టవశాత్తూ ఇంకా ప్యాకెట్ విప్పలేదు.

కంచరపాలెం కుర్రాడు:

మాస్టారూ మీరు మంచి మాటే చెప్పారు గానీ, మీలాగా అడిగేవాళ్ళు ఎంతమంది? మా వీధి షాపులో గోడకి ఫ్రేము కట్టి ఉన్న సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో నిలబడి మందులిచ్చేది ఇంటర్ ఫెయిలైన కుర్రాడు. స్ట్రిప్ కత్తిరించి కవర్లో వేసి ఫోన్‌పే స్కానర్ చూపిస్తాడు, అంతే. ఏదైనా అడిగితే "డాక్టర్ గారు రాశారు కదండీ" అంటాడు. డాక్టర్ దగ్గర మూడు నిమిషాలు, వెనక నలభై మంది. మధ్యలో మనం. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంకా దారుణం, మే నెలలో ఇన్సులిన్ పార్సిల్ మా గేటు మీద ఎండలో పెట్టి ఫొటో తీసి "డెలివర్డ్" అని పంపారు, కవర్ ముట్టుకుంటే ఇస్త్రీ పెట్టెలా ఉంది. ఫార్మసిస్టు గొప్పతనం గురించి చెప్పే ముందు ఫార్మసిస్టు అనే మనిషి కౌంటర్లో ఉండాలి కదా.

ఫార్మ్‌డీ ఐదో ఏడు:

కంచరపాలెం అన్నా, మీ కోపం న్యాయమే. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో మందు ఇచ్చేటప్పుడు ఎలా వాడాలి, ఎలా దాచాలి, ఏం తేడాలు రావచ్చు అని రోగికి చెప్పడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యత అని రాసి ఉంది. దానికంటే ముందే 2008లో మా ఫార్మ్‌డీ కోర్సు మొదలైంది, ఆరేళ్ళు చదివి, ఆఖరి ఏడాది ఆసుపత్రి వార్డుల్లో తిరిగి, బయటికొచ్చాక చాలామంది మెడికల్ కోడింగ్‌లో (ఆసుపత్రి రికార్డులకి కోడ్‌లు వేసే ఆఫీసు పని) చేరిపోతున్నారు. ఎందుకంటే షాపులో మాట్లాడినందుకు ఎవరూ రూపాయి ఇవ్వరు, అమ్మిన డబ్బాకే లాభం.

మాట్లాడటానికి డబ్బులిస్తే ఏమవుతుందో మాకు క్లాసులో చెప్పారు. అమెరికాలో నార్త్ కరోలినాలో ఆషెవిల్ అనే ఊరుంది. 1996లో ఆ ఊరి మున్సిపాలిటీ తన ఉద్యోగుల్లో షుగర్ ఉన్నవాళ్ళకి ఊళ్ళో ఫార్మసిస్టుల దగ్గర క్రమం తప్పకుండా కూర్చుని మాట్లాడే ఏర్పాటు చేసి, ఆ మాటకి ఫార్మసిస్టుకి ఫీజు ఇచ్చింది. వచ్చినవాళ్ళ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) తగ్గింది, సిక్ లీవులు తగ్గాయి, మందుల బిల్లు పెరిగినా మొత్తం వైద్యం ఖర్చు తగ్గింది. అక్కడేమీ కొత్త మందు కనిపెట్టలేదు.

ఇక పాతగాజువాక గారి బావ వీడియోల సంగతి. పీల్చే ఇన్సులిన్ నిజమే, నోటితో పీల్చే పొడి. మొదటిది ఎక్సుబెరా 2006లో వచ్చింది, అమ్ముడుపోక మరుసటి ఏడాదే తీసేశారు. రెండోది అఫ్రెజా, అమెరికాలో 2014లో, మన దేశంలో 2024 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది. అది అన్నం తినే ముందు వాడేది మాత్రమే, రోజంతా ఉండాల్సిన ఇన్సులిన్‌కి బదులు కాదు. ముఖ్యంగా ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు) లాంటివి ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవచ్చు. మొదలెట్టే ముందు ఊది చూసే పరీక్ష చేస్తారు. మీ నాన్నగారు ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతున్నారు కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే.

వారానికోసారి వేసేది ఐకోడెక్ అనే ఇన్సులిన్. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని వేలాడుతూ కొంచెం కొంచెంగా వదులుతుంది, అందుకే వారం నిలుస్తుంది. యూరప్‌లో 2024లో అనుమతి ఇచ్చారు. కానీ అది కూడా రోజంతా ఉండే ఇన్సులిన్‌కే బదులు, మీ 30/70లో భోజనం కోసం ఉండే భాగానికి కాదు. పైగా డోసు ఎక్కువైతే వెనక్కి తీసుకోలేం, రోజుల తరబడి లోపలే ఉంటుంది. సిరంజి తారుమారైన ఇంట్లో ఇలాంటిది ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

రిటైర్డ్ ఫోర్‌మన్:

ఒరే బాబూ, మీ నాన్న మా ప్లాంటు వాడా, ఏ షాపు? నేనూ పదేళ్ళుగా ఇన్సులిన్ మీదే ఉన్నాను. ఎవరూ చెప్పని ఇంకో ముక్క చెప్తా.

నాకు పొట్ట మీద బొడ్డు పక్కన కుడివైపు వెయ్యడం అలవాటు. అక్కడ వేస్తే నొప్పి తెలీదు. ఎందుకు తెలీదంటే అక్కడ కండ గట్టిపడి నిమ్మకాయంత గడ్డ కట్టింది, మొద్దుబారిపోయింది. నాకు తెలీకుండానే డోసు 18 నుంచి 40కి పాకింది. ఒకరోజు పెన్ను సూదులు కొనడానికి షాపుకి వెళ్తే ఆ అమ్మాయి, ఫార్మసిస్టే, "ఏంటి బాబాయ్, నెలకి నాలుగే సూదులు పట్టుకెళ్తారు?" అంది. వారానికి ఒకటి మారుస్తానమ్మా అన్నాను గొప్పగా. అది వెంటనే "చొక్కా ఎత్తండి" అంది! షాపులో జనం ఉన్నారు, సిగ్గు. పక్క గదిలోకి తీసుకెళ్ళి చేత్తో తడిమి చూసి గడ్డ చూపించింది. ఒకే సూది మళ్ళీ మళ్ళీ వాడటం, ఒకే చోట పొడవటం వల్ల కొవ్వు పేరుకుంటుందట, అందులో వేసిన ఇన్సులిన్ సరిగ్గా ఒంటికి పట్టదట. వేరే చోటికి మారిస్తే ఇన్సులిన్ బాగా పట్టి షుగర్ పడిపోవచ్చు కాబట్టి ముందు డాక్టర్‌కి చెప్పి డోసు తగ్గించుకోమంది. ఇందాక ఆ మందుల కొట్టు ఆయన చెప్పిన లెక్కే ఇదీను. ఇప్పుడు నేను గడియారం ముల్లులా బొడ్డు చుట్టూ తిరుగుతూ వేస్తున్నాను, వేలెడు దూరం వదిలి. 26 యూనిట్లకి దిగింది.

సూదులు మాత్రం గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి, ఉత్తినే చెత్తలో వెయ్యొద్దు. పొద్దున్నే జీవీఎంసీ చెత్త బండి మీద వచ్చే అమ్మలు ఒట్టి చేతుల్తో తీస్తారు.

ఎంవీపీ కాలనీ అమ్మ:

బాబోయ్, సిరంజి సంగతి నాకు తట్టనే లేదు. పంపుల గురించి పేజీలు రాశాను చూడండి, సిగ్గేస్తోంది.

ఫ్రిజ్ గురించి ఒక మాట. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, డీప్ ఫ్రీజర్‌కి ఆనుకోకూడదు, గడ్డకడితే పారెయ్యడమే. వాడుతున్న సీసా గదిలో చల్లటి చోట ఉంటే నాలుగు వారాలు ఆగుతుంది, ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం వద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లో మూడు నెలల ఇన్సులిన్. మా అత్తగారు మట్టికుండలో ఇసుక పోసి, నీళ్ళు చల్లి, మధ్యలో చిన్న ముంతలో సీసాలు పెట్టి తడిగుడ్డ కప్పారు. మన సముద్రపు గాలి తేమకి రాయలసీమలో చల్లబడినంత చల్లబడదు గానీ గది కంటే నయంగా ఉంది. ఆ సీసాలే వాడాం.

పాతగాజువాక:

ఆలస్యంగా చెప్తున్నందుకు క్షమించండి, నాలుగు రోజులుగా ఇదే పని.

ఆ రాత్రే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. లెక్క చెప్తే ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత "మంచిపని చేశారు, ఇప్పుడే రండి" అన్నారు. కీటోన్స్ (ఇన్సులిన్ బాగా తక్కువైతే ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూశారు, లేవు. యు-40 సిరంజిలు రాసి, పాత డోసు కన్నా కూడా కొంచెం తక్కువతో మొదలెట్టి, మూడు రోజులకోసారి పెంచుదాం అన్నారు. ఈ నాలుగు రోజులూ రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చి పుస్తకంలో రాస్తున్నాను. ఇవాళ ఫాస్టింగ్ 171. రాత్రి ఒక్కసారే లేచారు.

కొత్త సిరంజిలు వేరే షాపులో కొన్నాను. అక్కడ ఫార్మసిస్టు సీసా చూపించమని తనే అడిగింది, రెండూ పక్కపక్కన పెట్టి చదివించింది నాచేత. మబ్బుగా ఉండే రకం కాబట్టి సీసాని అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించాలట, గిలక్కొట్టకూడదట. తినడానికి అరగంట ముందు వెయ్యాలట. నేను ఇన్నాళ్ళూ ప్లేటు ముందు కూర్చున్నాక వేస్తున్నాను. ఇంకోటి, మాత్రల చీటీ చూసి "వోగ్లిబోస్ ఉంది కదా, షుగర్ 70 కంటే పడిపోతే పంచదార పెట్టకండి, గ్లూకోజ్ పొడి ఇవ్వండి, మూడు చెంచాలు నీళ్ళలో కలిపి, పావుగంట ఆగి మళ్ళీ చూడండి" అంది. ఆ మాత్ర పంచదారని తొందరగా అరగనివ్వదట. మా ఇంట్లో ఆరేళ్ళుగా నాన్న జేబులో ఉండేవి చిక్కీలు.

పెన్నే కావాలంటే వేరే కంపెనీల కార్ట్రిడ్జ్‌లు దొరుకుతాయి గానీ వాటి పెన్ను వాటిదే, మా పాత పెన్నులో పట్టవు అని చెప్పింది. వచ్చే నెల డాక్టర్‌ని అడిగి మారుస్తాం, నాన్నకి పెన్ను మీద బెంగ ఇంకా పోలేదు. "ఆ సూది చూస్తేనే గుండె దడ రా, పెన్ను అయితే రాసుకున్నట్టు ఉండేది" అంటున్నారు. చెల్లికి పంపు వద్దని చెప్పాను, సెన్సర్ ఒకటి పంపిస్తానంది. బావ ఇంకా వీడియోలు పంపుతున్నాడు.

ఒక సందేహం. ఆరెంజ్ మూత సిరంజిలు ఇంకా 31 మిగిలాయి, సీలు విప్పనివి. పక్కింటి మామ్మగారు కూడా ఇన్సులిన్ వేసుకుంటారు, ఆవిడకి ఇచ్చెయ్యొచ్చా?

మద్దిలపాలెం మందుల కొట్టు:

171, చాలా సంతోషం. పుస్తకం మానకండి.

సిరంజిలు మామ్మగారికి ఇవ్వకండి! ముందు ఆవిడ సీసా తెప్పించి చూడండి. 40 అని ఉంటే మీ కథే మళ్ళీ మొదలవుతుంది. పనిలో పని, ఇప్పుడు ఆవిడ వాడే సిరంజి మీద ఏముందో కూడా చదవండి. సీలు విప్పలేదు కాబట్టి బిల్లు తీసుకుని కొన్న షాపుకే పట్టుకెళ్ళండి, తీసుకుంటారేమో అడగండి, తీసుకోకపోయినా సీసా, సిరంజి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి చూపించి రండి.